ఎనిమిది పేజీల బొమ్మల కథ ఆరు నిమిషాల నలభై సెకన్ల చిత్రమైన తీరు: నా అనుభవం

నేను పద్నాలుగేళ్ళపాటు ఒక పిల్లల మాసపత్రికకు బొమ్మల కథలు వేశాను. 2020 ఏప్రిల్ సంచిక అచ్చుకు వెళ్ళకుండానే ఆగిపోయింది, ఆ తరువాత పత్రిక మళ్ళీ రాలేదు. రెండున్నరేళ్ళు పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తూ, పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతూ గడిపి, 2022 డిసెంబరులో నా పాత కథల్లో ఒకదాన్ని యానిమేషన్ చిత్రంగా తీయాలని నిశ్చయించుకున్నాను. అది ఎనిమిది పేజీల కథ, మొత్తం 46 గడులు. గోదావరి లంకలో రేవు దాటించే ఒక ముసలి పడవవాడు, వరద రాబోతున్న సాయంత్రం బడి పుస్తకాల మూటను అవతలి ఒడ్డుకు చేర్చడమే అందులోని కథ. ఆరు నెలల్లో, రెండు లక్షల్లో పూర్తవుతుందని ఇంట్లో చెప్పాను. రెండేళ్ళ మూడు నెలలు పట్టింది, ఏడు లక్షలకు దగ్గరగా ఖర్చయింది. ఇదే ఆలోచనలో ఉన్న తోటి చిత్రకారులు కొందరు నన్ను అడుగుతూ ఉన్నారు కనుక, ఏది ఎప్పుడు జరిగిందో, ఎక్కడెక్కడ ఎంతెంత ఆగవలసి వచ్చిందో రాస్తున్నాను.

బొమ్మల కథ చేతిలో ఉంది కాబట్టి స్టోరీబోర్డు, అంటే తీయబోయే దృశ్యాల వరస బొమ్మలు, సిద్ధంగా ఉన్నట్టేనని అనుకోవడం నా మొదటి పొరపాటు. 2023 సంక్రాంతి వెళ్ళిన మర్నాడు ఆ 46 గడులను స్కాన్ చేసి, ఒక్కొక్కటి మూడు సెకన్లు కనిపించేలా వరసగా పేర్చి యానిమాటిక్, అంటే చిత్రం నడక చూసుకునే చిత్తుప్రతి, తయారు చేశాను. అది 2 నిమిషాల 18 సెకన్లు వచ్చింది. మా వీధిలోని ఐదుగురు పిల్లలను కూర్చోబెట్టి చూపిస్తే, మూట ఎవరిదో, పడవ ఎటు వెళ్తోందో ఒక్కరికీ అర్థం కాలేదు. అవే పేజీలను కాగితం మీద ఇస్తే ఆ పిల్లలే చకచకా చదివేశారు. ఒక గడికీ మరో గడికీ మధ్యనున్న తెల్లటి సందులో పాఠకుడు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటాడు, వెనక్కి వెళ్ళి చూస్తాడు, జరిగినదాన్ని తనే పూరించుకుంటాడు. ఇన్నేళ్ళూ ఆ పని పాఠకుడు చేసిపెడుతున్నాడన్న సంగతి నాకు స్పష్టంగా తెలియలేదు. తెర మీద ఆ సందు ఉండదు, కనుక మనిషి లేవడం, తిరగడం, చూడడం, ఆలోచించడం అన్నీ నేనే లెక్కపెట్టి ఇవ్వాలి. రెండోసారి అన్నిటికీ చోటిస్తే పదకొండు నిమిషాలు దాటింది, పిల్లలు మధ్యలోనే లేచిపోయారు. మూడోసారి ఎనిమిదిన్నర. నాలుగోసారి, మే నెలాఖరుకు, 6 నిమిషాల 40 సెకన్ల దగ్గర కుదిరింది. మూడు వారాలనుకున్న పని నాలుగున్నర నెలలు పట్టినా, ఈ నెలల్లో ఒక్కరోజు కూడా వృథా కాలేదని ఇప్పుడు నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ దశలో తీసేసిన ఒక్కొక్క సెకనూ తరువాత పన్నెండు బొమ్మల కూలి మిగిల్చింది.

ఆ రోజుల్లో నేను ఈ మాట చెప్పిన ప్రతి ఒక్కరూ, బాపుగారు బొమ్మల నుంచే కదా సినిమాకు వెళ్ళారని ధైర్యం చెప్పేవారు. మా గోదావరి వైపు నరసాపురంలో పుట్టి, పత్రికల్లో బొమ్మలూ కార్టూన్లూ వేసి, 1967లో దర్శకుడైన ఆయన పేరు వింటే నాకూ బలం వచ్చేది. కానీ పని మొదలుపెట్టాక ఒక తేడా బోధపడింది. కెమెరా ముందు నిలబడిన నటుడికి బరువు ఉంటుంది. అతను పడవ ఎక్కితే పడవ దానంతటదే ఒరుగుతుంది. నా పడవవాడు ఎక్కితే పడవ ఎంత ఒరగాలో, ఎన్ని ఫ్రేముల్లో ఒరగాలో, మళ్ళీ ఎప్పుడు నిలకడకు రావాలో నేనే గీయాలి.

ఆ బరువు దగ్గరే నాకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది. పడవవాడు గడ వేసే దృశ్యం పేజీ మీద ఒకే గడి. వంగిన వీపు, ఏటవాలు గడ, చిమ్మిన నీళ్ళు వేస్తే చాలు, చూసేవాళ్ళకు పడవ కదిలినట్టే ఉంటుంది. అదే దృశ్యాన్ని నలభై బొమ్మలుగా గీసి ఆడించి చూస్తే, ఆ మనిషి గాలిలో పుల్ల తిప్పుతున్నట్టు ఉంది. పదకొండు రోజులు దిద్దాను. చేతులు పెద్దవి చేశాను, వీపు ఇంకా వంచాను, ఎంత మార్చినా నీటి అడుగున నేల తగిలినట్టు అనిపించలేదు. ఆ రాత్రుల్లో, పద్నాలుగేళ్ళు గీసిన చేతికి ఒక మనిషి నడక కూడా రాదా అని చాలా దిగులు పడ్డాను.

జూన్ మొదటి వారంలో, నదికి కొత్త నీరు రాకముందే, కోనసీమలోని ఒక లంక రేవుకు వెళ్ళి ఇంకా గడ పడవ నడుపుతున్న ఒక పెద్దాయనను కలిశాను. రెండు పూటలు ఆయన పడవలోనే కూర్చుని ఫోనుతో వీడియో తీశాను. నేను వేసిన దృశ్యం చూపిస్తే, కాసేపు చూసి, "గడ చేత్తో వెయ్యరండి అమ్మాయిగారూ, కాళ్ళతో వేస్తారండి" అన్నారు. తరువాత వేసి చూపించారు. పడవ ముక్కు దగ్గర గడను నిలువుగా దించి, అడుగున మట్టి తగిలిందని అరచేతికి తెలిసేదాకా ఆగి, గడ కొసను భుజానికి ఆనించి, ఒళ్ళంతా దాని మీదికి వాల్చి, పడవ అంచు మీద వెనక్కి నాలుగడుగులు నడిచారు. మనిషి వెనక్కి నడుస్తుంటే కింద పడవ ముందుకు పోయింది. చివరన, బురదలో దిగిన గడ ఒక్క కుదుపుతో ఊడి వచ్చింది. ఇంటికి వచ్చి వీడియోను ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టాను. గడ దించడానికి ఒక సెకను, తోయడానికి మూడున్నర, పైకి లాగడానికి ఒకటిన్నర, మొత్తం ఆరు సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 144, రెండు ఫ్రేములకు ఒక బొమ్మ వేస్తే 72 బొమ్మలు. నా పాత దృశ్యంలో లేనిది ఆ మొదటి సెకను. మట్టి తగిలిందో లేదోనని అతను ఆగిన ఆ నిలకడలో కదలిక దాదాపు లేదు, ఆరు బొమ్మల మధ్య వెంట్రుకవాసి తేడా మాత్రమే ఉంది. ఆ ఆరు బొమ్మలు చేర్చగానే గడకు నేల తగిలింది. ఆ మధ్యాహ్నం ఒక్కదాన్నే గదిలో కూర్చుని దాన్ని ఎన్నిసార్లు ఆడించుకున్నానో చెప్పలేను.

తరువాత వచ్చిన కష్టం మనసుకు సంబంధించినది. నా బొమ్మకు గుర్తింపు తెచ్చింది సన్నటి అడ్డగీతల నీడ. పడవవాడి ముఖం మీద, మీసంలో, మెడ ముడతల్లో నిబ్బుతో అరవై డెబ్బై గీతలు వేసేదాన్ని. అన్నేసి గీతలను బొమ్మ బొమ్మకూ తిరిగి వేస్తే, ఎంత జాగ్రత్త పడినా ఒక్కొక్కటి కాస్త పక్కకు జరిగి, ముఖమంతా చీమలు పాకుతున్నట్టు కదలడం మొదలుపెట్టింది. గీతలు తగ్గించక తప్పలేదు. నలభైకి, ఇరవైకి తగ్గించి, చివరకు తొమ్మిది గీతల దగ్గర ఆగాను. తొమ్మిది గీతల ముఖాన్ని గోడకు అంటించుకుని వారం రోజులు చూశాను, అది వేరెవరో వేసిన బొమ్మలా కనిపించింది. అడ్డగీతలన్నిటినీ నేపథ్యాలకు మళ్ళించాను. నీరు, తాటిచెట్లు, మబ్బు, రేవు మెట్లు కాగితం మీద ఇంకుతోనే వేసి స్కాన్ చేశాను. అవి కదలవు కాబట్టి గీతలు చెదరలేదు. చిత్రం చూసినవారు నా చెయ్యిని గుర్తుపట్టేది ఆ నేపథ్యాల్లోనే.

కాగితాల పని గురించి కొంత చెప్పాలి. కథ పత్రికలో అచ్చయినది కనుక, సినిమా హక్కు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. నేను జీతానికి కాక పేజీకి ఇంతని తీసుకుని వేసినదాన్ని, హక్కులు రాసిచ్చిన పత్రమేదీ లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పత్రికలో ఉద్యోగం చేస్తూ వేసినా, వేరే ఒప్పందం లేకపోతే యజమానికి దక్కేది పత్రికల్లో ప్రచురించుకునే హక్కేనని, మిగిలినవి రచయితవేనని మాకు తెలిసిన వకీలుగారు చెప్పారు. అయినా అభ్యంతరం లేదని ఒక ఉత్తరం దగ్గర ఉంచుకోమన్నారు. మూతపడిన పత్రిక యాజమాన్యంలో సంతకం పెట్టగలిగిన మనిషిని వెతికి, ఆ ఒక్క పేజీ తెచ్చుకోవడానికి పదకొండు వారాలు పట్టింది.

2023 ఆగస్టులో డబ్బు పోగొట్టుకున్నాను. మధ్యబొమ్మలు, అంటే నేను వేసిన ముఖ్యమైన బొమ్మల నడుమ రావలసినవి, ఒక్కదాన్నే వేయలేనని తెలిసి కొన్ని చోట్ల అడిగాను. ఒక పెద్ద స్టూడియో సెకనుకు 4,500 రూపాయలు చెప్పింది. నా 400 సెకన్లకు 18 లక్షలు. అంతకన్నా చాలా తక్కువకు చేస్తామన్న ఒక చిన్న సంస్థకు 60,000 రూపాయలు బయానా ఇచ్చాను. రెండు నెలలపాటు వచ్చే వారం, వచ్చే వారం అంటూ వచ్చి, నాలుగు సెకన్ల పని పంపి, నవంబరుకు ఫోను తీయడం మానేశారు. నేను డబ్బు ఫోను ద్వారా పంపాను, రుజువుగా నా దగ్గరున్నవి నాలుగు సందేశాలే, ఒప్పందపత్రం లేదు. ఆ తరువాత నేను ఎవరికీ ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వలేదు. ప్రతి శనివారం, ఆ వారం వచ్చిన బొమ్మలు లెక్కపెట్టి, ఆ రోజే డబ్బు పంపాను. బంగారం తాకట్టు పెట్టి రెండు లక్షలు తెచ్చింది కూడా ఆ నవంబరులోనే.

2023 డిసెంబరులో, యానిమేషన్ కోర్సు ముగించిన ఇద్దరు యువకులు దొరికారు. బొమ్మకు 110 రూపాయల చొప్పున మాట్లాడుకున్నాం. చిత్రంలో మొత్తం 9,600 ఫ్రేములున్నా, నిలిచి ఉండే దృశ్యాలు, మళ్ళీ వాడుకున్న బొమ్మలు పోగా కొత్తగా వేయవలసినవి 3,120 తేలాయి. వాటిలో 940 నేను, 2,180 వాళ్ళు వేశాం. రంగులకు మరో 75,000 దాకా అయింది. కంప్యూటరు 1,12,000, పాతది కొన్న గీసే తెర 38,000. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పైసా ఖర్చు లేదు, 2016 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న ఓపెన్‌టూన్జ్‌లోనే పని అంతా జరిగింది. అది అప్పుడప్పుడూ చెప్పకుండా మూసుకుపోయేది. ఒకసారి కరెంటు పోయి ఒక పూట పని పోయాక 6,500 పెట్టి యూపీఎస్ కొన్నాను.

ఈ పది నెలల్లో నేను మారవలసి వచ్చింది. పద్నాలుగేళ్ళు కథ, బొమ్మ, అక్షరం అన్నీ ఒక్క చేతి మీద నడిపినదాన్ని. ఆ ఇద్దరూ పంపినవి నచ్చక, మొదటి రెండు నెలలు రాత్రుళ్ళు కూర్చుని మళ్ళీ గీసేదాన్ని. ఫిబ్రవరిలో వారిలో ఒకబ్బాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, మీరెలాగూ మళ్ళీ గీస్తారని తెలిస్తే నాకు శ్రద్ధగా వేయాలనిపించడం లేదండి, తప్పేమిటో చెప్తే నేనే దిద్దుతాను" అన్నాడు. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే అతను చెప్పింది నిజం. ఆ రోజు నుంచి తప్పును మాటల్లో చెప్పడం నేర్చుకున్నాను. బాలేదని రాయడం మాని, ఏడో బొమ్మలో మోకాలు ఇంకా వంగి ఉండాలి, పదో బొమ్మదాకా బరువు కుడికాలి మీదే ఉండాలి అని రాసేదాన్ని. ఇలా రాయడానికి గీయడం కన్నా ఎక్కువసేపు పట్టేది. ఏప్రిల్ నాటికి వాళ్ళ బొమ్మలు నావాటి పక్కన పెడితే నేను కూడా వెతుక్కోవలసి వచ్చేది.

2024 అక్టోబరు 19న చివరి బొమ్మ వచ్చింది. పని ముగిసిందని ఇంట్లో పాయసం చేసుకున్నాం. మరుసటి వారమే, సెన్సార్ సర్టిఫికెట్ కోసం ఏమేం కావాలో తెలుసుకుందామని చిత్ర నిర్మాణంలో అనుభవమున్న ఒకరిని కలిశాను. ఆయన ఐదు నిమిషాలు చూసి, "ఆ చుట్ట సంగతేమిటమ్మా?" అని అడిగారు. నా పడవవాడు చుట్ట తాగుతాడు. పేజీ మీద అతన్ని దూరం నుంచే గుర్తుపట్టేది ఆ చుట్టతోనే, దాని పొగ వాలిన దిక్కును బట్టే గాలి మారి వరద రాబోతోందని పిల్లలకు తెలుస్తుంది. పొగాకు వాడకం చూపించే చిత్రానికి మొదట్లోను మధ్యలోను కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక చొప్పున చేర్చాలి, ఆ దృశ్యం ఉన్నంతసేపూ కింద అక్షరాలు ఉండాలి. లెక్క వేస్తే 400 సెకన్ల నా చిత్రానికి 100 సెకన్లు వాటికే కావాలి. అది పిల్లల చిత్రం, ఆ నియమం ఉండడమే సరైనదని నాకూ అనిపించింది. అచ్చులో ఇన్నేళ్ళు ఆ సంగతి తలచుకోనందుకు విచారించాను. చుట్ట ఉన్న 214 బొమ్మలను తెరిచి దాన్ని చెరిపి, పెదవులు మళ్ళీ గీశాం. గాలి దిక్కు చెప్పడానికి భుజం మీద తువ్వాలు కొస ఎగిరేలా వేశాం. దానికి ఐదు వారాలు పట్టింది.

శబ్దం గురించి నాకు ఏమీ తెలియదు. పేజీలో 41 మాటల బుడగలుండేవి. వాటిని గొంతుతో పలికిస్తే సగానికి సగం అనవసరమనిపించాయి, ఎందుకంటే మనిషి చేస్తున్నది కనిపిస్తూనే ఉంది. పదమూడే మిగిల్చాను. హైదరాబాదులో ఒక కళాకారుడితో పడవవాడి గొంతు రికార్డు చేయించాం. శుద్ధంగా, స్పష్టంగా ఉంది కానీ ఆ గొంతులో లంక లేదు. చివరకు 2024 డిసెంబరులో కోనసీమ పెద్దాయన ఇంటికే వెళ్ళి, కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఆయన చేతే చెప్పించాం. మూడో మాట దగ్గర కోడి కూసింది, దాన్ని అలాగే ఉంచాను. సంగీతానికి 45,000, శబ్దమిశ్రమానికి 55,000 అయ్యాయి. గొంతు ఇచ్చినవారి నుంచి, సంగీతం చేసినవారి నుంచి వాడుకోవచ్చని రాతపూర్వకంగా తీసుకున్నాం, చిత్రోత్సవాలు వీటిని అడుగుతాయి.

జనవరిలో మిశ్రమం పూర్తయిన ఫైలు తెచ్చి చిత్రానికి జతచేస్తే, మొదట అంతా సరిగా ఉన్నట్టే అనిపించి, రెండో నిమిషం నుంచి గడ నీళ్ళలో పడకముందే చప్పుడు వినిపించింది. చివరకు వచ్చేసరికి శబ్దం 16 సెకన్లు ముందే అయిపోయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక కారణం దొరికింది. శబ్దమిశ్రమం చేసినవారు టీవీ పనికి అలవాటైన 25 ఫ్రేముల లెక్కలో నా చిత్రాన్ని తెరిచారు. 9,600 ఫ్రేములు 25 చొప్పున ఆడితే 384 సెకన్లకే అయిపోతాయి. నేను కూడా ఫైలుతోపాటు 24 అని ఎక్కడా రాసివ్వలేదు. మళ్ళీ చేయడానికి తొమ్మిది రోజులు.

2025 ఫిబ్రవరిలో ల్యాప్‌టాప్ తీసుకుని రేవుకు వెళ్ళి పెద్దాయనకు చూపించాను. తన గొంతు విని మొదట సిగ్గుపడ్డారు, తరువాత ముందుకు వంగి కూర్చున్నారు. అయిపోయాక, "బావుందండి" అని, కాసేపాగి, "గడ పైకి తీసినప్పుడు నీళ్ళు కారతాయి కదండీ, మీది పొడిగా వచ్చేత్తంది" అన్నారు. నిజమే. 3,120 బొమ్మల్లో ఒక్కదానిలోనూ గడ నుంచి చుక్క కారలేదు, మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. ఇంటికి వచ్చి, గడ పైకి లేచే నాలుగు చోట్ల నీటి ధార, చుక్కలు కలిపి 58 బొమ్మలు నేనే వేశాను. అవి చేరాకే డీసీపీ, అంటే థియేటర్లో ఆడించే డిజిటల్ ప్రతి, చేయించాను, దానికి 14,000.

సర్టిఫికెట్‌కు సెన్సార్ బోర్డు వెబ్‌సైట్ ఈ-సినీప్రమాణ్‌లో దరఖాస్తు చేసి, సంభాషణల ప్రతి, కథాసంగ్రహం, మిగిలిన పత్రాలు చేర్చాను. ఒక పత్రంలో చిత్రం పేరు అక్షరం తేడాగా ఉందని వెనక్కి వచ్చింది. మొత్తం 26 రోజుల్లో యు సర్టిఫికెట్ చేతికి వచ్చింది. తరువాత ఏప్రిల్ నుంచి చిత్రోత్సవాలకు దరఖాస్తులు పంపే ఫిల్మ్‌ఫ్రీవే అనే వెబ్‌సైట్ ద్వారా 17 చిత్రోత్సవాలకు పంపాను. రుసుములు డాలర్లలో కట్టాను, మూడు మాత్రం ఉచితం, మొత్తం 31,000 అయింది. వాటిలో కొన్ని, చిత్రం అంతకుముందు ఆన్‌లైన్‌లో పెట్టి ఉండకూడదంటాయి, అందుకే బంధువులు ఎంత అడిగినా లింకు ఇవ్వలేకపోయాను. తిరస్కరణలు తెల్లవారుజామున వచ్చేవి, పన్నెండు వచ్చాయి. మూడింటి నుంచి జవాబే లేదు. రెండు తీసుకున్నాయి.

వాటిలో ఒకటి పుణెలో, పిల్లల కోసం జరిగినది. రెండు వందల మంది బడిపిల్లల మధ్య, చివరి వరసలో కూర్చున్నాను. తెలుగు రాని పిల్లలు. పడవవాడు గడ దించి, మట్టి కోసం ఆగిన చోట హాలంతా నిశ్శబ్దమైంది. నా ముందున్న పిల్లవాడు, పడవవాడు ఒళ్ళు వాల్చినప్పుడు తనూ కుర్చీలో ముందుకు వాలాడు. గడ కుదుపుతో ఊడి వచ్చేసరికి వెనక్కి చేరబడ్డాడు. గడ నుంచి నీళ్ళు కారుతున్నాయి.